బోరు వేయొద్దని చెప్పినందుకు నాలుగు వేలు

ముందే చెప్పేస్తాను, ఐదుకు నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో తర్వాత రాస్తాను. ఇది భూగర్భ జలాల సర్వే చేసే సర్వీసు గురించి. మన వైపు మాటలో చెప్పాలంటే మిషన్ పెట్టి బోరు పాయింటు చూడటం. చూసినాయన పేరు, నెంబరు ఇక్కడ పెట్టడం లేదు. వద్దని ఆయనే అన్నాడు. ఎండాకాలంలో అన్నం తినేటప్పుడు కూడా ఫోను మోగుతూనే ఉంటుందట. మా ఇంట్లో తినేటప్పుడు మూడుసార్లు మోగింది, నేనే సాక్షి. కావాలనుకున్న వాళ్లు నెల్లూరు జిల్లా వింజమూరులో మోటారు వైండింగు షాపుల్లో అడగండి, చెప్తారు.

మాది వింజమూరు నుంచి ఉదయగిరి పోయే దోవలో కాస్త లోపలికి ఉండే ఊరు. రెండున్నర ఎకరాల నిమ్మతోట. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. దాచుకున్న డబ్బులో సగం ఈ నేలలోకే దించాను. 2012లో 380 అడుగులు, 2017లో 620, 2019లో 840. మొదటి బోరు రెండేళ్లు పోసింది. రెండోది ఆరు నెలలు. మూడోదాంట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

ఆ మూడోదానికి పాయింటు పెట్టింది టెంకాయతో. అరచేతిలో టెంకాయ నిలబడితే నీళ్లున్నట్టు. నిలబడింది కూడా. బోరు బండి రాత్రి తొమ్మిదికి వచ్చింది. బండి మీద కుర్రాళ్లంతా తిరుచెంగోడు వాళ్లు, వాళ్ల అరవం నాకు రాదు, నా తెలుగు వాళ్లకు రాదు. మధ్యలో ఏజెన్సీ మనిషి ఒకడు. ఐదొందల దగ్గర ఆపమన్నాను. "ఇంకో వంద దించితే గ్యాప్ తగులుద్ది మాస్టారూ, ఇంత దాకా వచ్చి ఆపుతారా" అన్నాడు. ఆరొందల దగ్గర మళ్లీ అదే మాట. మూడొందలు దాటాక అడుగు రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుందన్న సంగతి నాకు బిల్లు చేతికొచ్చాక తెలిసింది. తెల్లారి చూస్తే నిమ్మచెట్లన్నీ విబూది పూసుకున్నట్టు తెల్లగా నిలబడి ఉన్నాయి. ఆ ఏజెన్సీ పేరు రాయను. తిట్టాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. నీరు, భూమి, చెట్ల రక్షణకు పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, బోరు వేసే ముందు అనుమతి తీసుకోవాలి. దాని గురించి క్లాసులో చెప్పిన మనిషినే, మూడింటిలో ఒక్కదానికీ తీసుకోలేదు.

ఇక అసలు రివ్యూ. పోయిన మే నెలలో ఈయన్ని పిలిచాను. పొద్దున ఏడుకు వస్తానన్న మనిషి పదిన్నరకు వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి, తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చదివాడట. బైకు వెనక ఒక డబ్బా, రెండు వైరు చుట్టలు, నాలుగు ఇనప చువ్వలు, ఒక సుత్తి. ఇప్పుడు రంగుల బొమ్మలు చూపించే కొత్త మిషన్లు వచ్చాయి కదా అని అడిగితే, "బొమ్మ రంగుగా ఉంటే రైతుకు నమ్మకం ఎక్కువ మాస్టారూ, నాకు ఈ అంకెలే అలవాటు" అన్నాడు.

పని ఇలా జరుగుతుంది. నాలుగు చువ్వలు ఒకే వరసలో నేలలోకి కొడతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య ఎంత వోల్టేజీ తేలిందో డబ్బా మీద చూస్తారు. బయటి చువ్వల్ని దూరం జరిపిన కొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగి తిరిగొస్తుంది. తడి పట్టిన మెత్తటి పొరలో కరెంటు సులువుగా పోతుంది, గట్టి రాతిలో పోదు. అయితే అంకె తగ్గిందని ఎగిరి గంతేయడానికి లేదు. బంకమట్టి ఉన్నా తగ్గుతుంది, ఉప్పు నీళ్లున్నా తగ్గుతుంది. అందుకే ఈయన ఒక్కో చోట పదిహేను ఇరవై సార్లు చువ్వలు జరిపించాడు. జరిపింది ఎవరనుకున్నారు, నేనూ మా పాలేరూనే. మనిషిని వెంట తెచ్చుకోలేదు.

మొదటి చువ్వ కొట్టగానే, "రెండు బిందెలు నీళ్లు తెప్పించండి మాస్టారూ, నేల ఎండి ఉంది, చువ్వ మొదట్లో తడి లేకపోతే కరెంటు దిగదు" అన్నాడు. మా ఆవిడ గట్టు మీద నుంచి విని, "నీళ్లు చూపిస్తానని వచ్చి మన నీళ్లే అడుగుతున్నాడేందండీ" అంది. ఆ నీళ్లు ట్యాంకరు నీళ్లు. అయినా ఇచ్చింది.

మూడు చోట్ల చూశాక డబ్బా పక్కన పెట్టి, "మీ పాత బావి ఎక్కడుంది?" అన్నాడు. నాకు ఈ సర్వీసులో బాగా నచ్చింది ఇక్కడి నుంచి జరిగిందే. మా తాత తవ్వించిన, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి ఒకటి తోట మూలన ఉంది, 42 అడుగులు. ఇరవై ఏళ్లుగా దాంట్లో ముళ్లకంప, పాత చెప్పులు, అరటి బోదెలు. ఈయన ప్యాంటు మడిచి మెట్లు దిగాడు. నేనూ వెనకే దిగాను, మోకాళ్లు వద్దంటున్నా.

సుత్తితో గోడను కొట్టుకుంటూ దిగాడు. పైన మూడడుగులు ఎర్రమట్టి. దాని కింద గరుసు. ఆ కింద గోటితో గిల్లితే పొరలు పొరలుగా రాలే రాయి, ఎండ పడిన చోట అభ్రకం తళతళమంటోంది. చిన్నప్పుడు ఆ రేకుల్ని కాకిబంగారం అని జేబుల్లో దాచుకునేవాళ్లం. అంతవరకు దబ్ దబ్‌మన్న సుత్తి ముప్పై ఐదు అడుగుల దగ్గర ఖణేల్‌మంది. ఆయన ఆగి ఇంకోసారి కొట్టాడు. మళ్లీ అదే మోత.

"ఇదే మాస్టారూ మీ కుండ అడుగు."

తర్వాత చెప్పిందాని సారం ఇది. మన కింద ఉన్నది వందల కోట్ల ఏళ్ల నాటి పాత రాయి. దానికి ఇసుక లాగా నీళ్లు పట్టి ఉంచే గుణం లేదు. వానా ఎండా కలిసి లక్షల ఏళ్లు ఆ రాయిని పైనుంచి కుళ్లబెడితే, కుళ్లిన మేరకు అది స్పాంజీ అయింది. మా పొలంలో ఆ స్పాంజీ మందం ముప్పై ఐదు అడుగులు. ఆ కింద అక్కడక్కడా పగుళ్లు తప్ప ఏమీ ఉండవు. బోరులో తగిలే గ్యాప్ అంటే ఆ పగులే. అందులో నీళ్లు పైనున్న స్పాంజీ నుంచి కారి చేరినవే, చాలాసార్లు మా నాయన పుట్టక ముందు కురిసిన వానవి. 380 అడుగుల బోరు రెండేళ్లలో తాగేసింది ఆ నిల్వనే. కపిల తోలిన రోజుల్లో ఎద్దులు అలిసేవి, బావికి తెల్లారే లోపు ఊట చేరేది. ఐదు హెచ్‌పీ మోటారుకు అలుపు లేదు.

భోజనానికి కూర్చున్నాం. పప్పుచారు, చింతకాయ పచ్చడి, గుడ్డు పొరుటు. నేను సోషల్ మాస్టరునని తెలిసినప్పటి నుంచి ఆయన నోరు ఊరుకోవడం లేదు. "నదుల పక్కన నాగరికతలు పుట్టాయని మీరు చెప్తారు కదా, రాయి మాట ఎందుకు చెప్పరు?" అన్నాడు. నాకు కాస్త గుచ్చుకుంది. కానీ ఆలోచిస్తే నిజం. మన జిల్లానే చూడండి. నెల్లూరు పక్కన పెన్నా ఉంది, కడప, అనంతపురం వైపు రాళ్లు అరగదీసి తెచ్చి పోసిన డెల్టా మట్టి ఉంది, 1850ల్లో కట్టిన ఆనకట్ట ఉంది, పైన 78 టీఎంసీల సోమశిల ఉంది. వరి పండక ఏం చేస్తుంది? మా మెట్టలో పుట్టిన బొగ్గేరు కూడా చివరికి పెన్నాలోనే కలుస్తుంది. ఒకటే జిల్లా, ఒకటే కలెక్టరు, కింద రాయి వేరు.

ధోలావీరా సంగతి ఎత్తాడు. కచ్ రణ్‌లో ఖదిర్ అనే దిబ్బ మీద కట్టిన హరప్పా నగరం. ఏడాది పొడుగునా పారే నది లేదు. వానాకాలంలో మాత్రం పారే మన్సర్, మన్హర్ అనే రెండు వాగులకు అడ్డుకట్టలు వేసి, రాతిని తొలిచి, ఊరి చుట్టూ చెరువులు చేసుకున్నారు. 2021లో యునెస్కో జాబితాలో చేరింది. నేను ఆ నగరం పేరు ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్క లేదు, ఆ చెరువుల్ని మా కపిల బావి పక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. మనకు వాయవ్యాన ఉన్న కంభం చెరువు కూడా అదే తెలివి కదా. గుండ్లకమ్మ రెండు కొండల సందులోంచి బయటికి పోయే చోట కట్ట వేశారు, సముద్రమంత చెరువు నిలిచింది. కొండలు సగం పని చేసి పెట్టాయి. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

తర్వాత మేఘాలయ. ఇది నాకు నిజంగా కొత్త. అక్కడ మాంలూ గుహలో పైకప్పు నుంచి బొట్టు బొట్టుగా పడిన నీళ్లకు కింద సున్నపు స్తంభం పెరిగింది. పొర మీద పొర. ఒక్కో పొరలో ఉన్న ఆక్సిజన్ రకాల పాళ్లు చూస్తే ఆ కాలంలో రుతుపవనాలు బలంగా ఉన్నాయో లేదో తెలుస్తుందట. దాదాపు 4,200 ఏళ్ల కిందటి పొరల్లో వానలు బలహీనపడిన గుర్తు ఉంది. 2018లో భూగర్భ శాస్త్రవేత్తలు అక్కడి నుంచి ఇప్పటి దాకా ఉన్న కాలానికి మేఘాలయన్ అని పేరు పెట్టారు. అంటే మీరూ నేనూ మేఘాలయన్ యుగంలో నిమ్మచెట్లు ఎండబెట్టుకుంటున్నాం. మేఘాల ఇల్లు అని పేరున్న చోటి రాయే కరువు లెక్క చెప్పడం చూడండి. అదే కాలంలో మెసొపొటేమియాలో అక్కాద్ రాజ్యం చెదిరింది, ఈజిప్టులో పాత రాజ్యం కూలింది, ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్లకు హరప్పా నగరాలు ఖాళీ అవడం మొదలైంది అన్నాడు.

ఇక్కడ నేను ఊరుకోలేదు. హరప్పా వాళ్లు ఒక్క కరువుకు కూలిపోలేదు. నగరాలు చిన్నబోయాయి, తూర్పున గంగా యమునల వైపు చిన్న చిన్న పల్లెలు పెరిగాయి, గుజరాత్‌లో తక్కువ నీళ్లతో పండే చిరుధాన్యాలు ఎక్కువయ్యాయి. పుస్తకంలో "అంతరించింది" అని రాస్తాం కానీ జనం చోటు మారారు. మా ఊళ్లో ఎంతమంది ఉన్నారు ఇప్పుడు? సంక్రాంతికి తప్ప తాళం తీయని ఇళ్లు మా వీధిలోనే పదకొండు. బెంగళూరులో, హైదరాబాదులో బేల్దారి పనిలో ఉన్నారు. రేపెప్పుడో ఎవరో తవ్వి, "ఇక్కడి నాగరికత 2020 ప్రాంతంలో నశించింది, పైకప్పుల మీద గుండ్రటి ఇనప పళ్లేలు దొరికాయి, బహుశా సూర్యారాధకులు" అని రాస్తారేమో. మా ఆవిడ నవ్వింది, ఆయన నవ్వలేదు, నోట్సు రాసుకుంటున్నాడు.

ఫతేపూర్ సిక్రీ దగ్గర మాత్రం గట్టిగానే వాదించుకున్నాం. నీళ్లు లేక అక్బరు వదిలేశాడన్నాడు. అది సగమే. 1571లో కట్టడం మొదలుపెట్టి, 1585లో లాహోరుకు పోయాడంటే వాయవ్య సరిహద్దు గొడవలు కూడా కారణం. ప్రతిదాన్నీ రాయి మీదికి, వాన మీదికి తోస్తే రాజుల తప్పులన్నీ మాఫీ అయిపోతాయి. ధాత కరువు సంగతి చెప్పాను. 1876 నుంచి 78 దాకా. 1877లో పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్ నినో బలంగా వచ్చింది, వానలు పోయాయి, అది వాతావరణం. జనం గంజికి మలమల మాడుతుంటే ధాన్యం ఓడల్లో ఎగుమతి అయింది, అది ప్రభుత్వం. మద్రాసులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పెట్టింది ఆ కరువు పనుల్లోనే. మా వంశంలో ఒకాయన ఆ పనికి నడిచిపోయి మళ్లీ రాలేదని మా నాయనమ్మ చెప్పేది. ఇది విని ఆయన ఒప్పుకున్నాడు. మజ్జిగ ఇంకో గ్లాసు అడిగాడు.

మా వాకిట్లో నిలబడితే ఉదయగిరి దుర్గం కొండ కనిపిస్తుంది. చేయి కడుక్కుంటూ దాన్ని చూపించాడు. అది మా నేల కింద కుళ్లిన రాయి లాంటిది కాదు, ఒకప్పటి ఇసుక గట్టిపడి అయిన క్వార్ట్‌జైట్, అరగదు. నిటారుగా నిలుస్తుంది. పైన కోనేళ్లున్నాయి. అందుకే కృష్ణదేవరాయల సేన గజపతుల నుంచి దాన్ని గెలవడానికి ఏడాదిన్నర కింద కూర్చోవాల్సి వచ్చింది, 1514లో గాని చేతికి రాలేదు. రాయలు అక్కడి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణుడి విగ్రహానికే హంపీలో గుడి కట్టించాడు. ఈ కథ నేను వందసార్లు చెప్పాను. కొండ ఏ రాయో మాత్రం ఆ రోజే తెలిసింది.

సాయంత్రం పక్క తోట వాళ్ల బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి, చిన్న కిట్టుతో ఫ్లోరైడు చూశాడు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. వాళ్లది దానికి రెట్టింపు పైనే చూపించింది. లోతుకు పోయిన కొద్దీ నీళ్లు రాతితో ఎక్కువ కాలం నానుతాయి, అభ్రకం లాంటి ఖనిజాల్లోని ఫ్లోరైడు దిగుతుంది. మా అమ్మకు గార పళ్లు. ఫొటో తీస్తే పెదవులు బిగించేది, ఇంట్లో ఉన్న ఏ ఫొటోలోనూ ఆమె నవ్వు లేదు. నాయన చివరి పదేళ్లు మెడ తిప్పలేకపోయాడు, పిలిస్తే మనిషంతా తిరిగేవాడు. వయసు మీద పడిందనుకున్నాం. 1937లోనే వైద్య పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వల్ల వచ్చే ఈ పళ్ల, ఎముకల జబ్బును గుర్తించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి కూడా అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. ఆ మాట విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు. సుమేరు వాళ్లు కాలువ నీళ్లు పెట్టీ పెట్టీ పొలం చౌడెక్కి, గోధుమ పండక బార్లీకి మారారని చెప్తూనే ఉన్నాడు, నాకు సగమే వినపడింది.

చివరికి తేల్చిందేమిటంటే, బోరు వేయొద్దు. ఒక్క మూలలో మాత్రం 150 అడుగుల దాకా ఆశ ఉంది, దాటితే వద్దు. అంతకంటే బావి పూడిక తీయించి, వాలుకు అడ్డంగా కందకం తవ్వి, పై చెక్కలో పంట కుంట పెట్టమన్నాడు. రెండున్నర ఎకరాల్లో ఒకటిన్నరే నిమ్మ ఉంచి, మిగతా ఎకరంలో కంది, సజ్జ వేసుకోమన్నాడు. ఫీజు నాలుగు వేలు, పెట్రోలుకు మూడొందలు. బోరు వేస్తే పాయింటు చూసినాయనకు బండి వాళ్లు కమీషన్ ఇస్తారని అందరికీ తెలిసిందే. ఈయన ఆ డబ్బు వదులుకుని వద్దని చెప్పాడు. నేను నాలుగు స్టార్లిచ్చింది ఆ ఒక్క మాటకే.

కోసిన స్టారు సంగతి. మూడున్నర గంటలు ఆలస్యం. ఫోన్‌పే లేదు, నగదే. రశీదు అడిగితే డైరీ కాగితం చింపి రాసిచ్చాడు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో, లాగ్ గ్రాఫులతో. నేను చదువుకుంటాను, మా ఊళ్లో మిగతా రైతులు ఏం చదువుతారు? తెలుగులో ఒక పేజీ రాసివ్వడానికి ఏం కష్టం? ఇంకోటి, మాట్లాడటం మొదలుపెడితే ఆపడు. మిషన్ పని ఒంటిగంటకు అయిపోయింది, మనిషి ఆరింటికి కదిలాడు.

ఒక సంగతి దాచకూడదు. జులైలో మా బావమరిది మా గట్టు పక్కనే టెంకాయతో పాయింటు పెట్టించి బోరు వేశాడు. 560 అడుగుల దగ్గర ఇంచున్నర నీళ్లు పడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నాలుగు వేలు పోయినందుకు కాదు, ఊరంతా నన్ను చూసిన చూపుకు. జియాలజిస్టుకు ఫోన్ చేస్తే, "పగులు తగిలింది మాస్టారూ, సంతోషం. రెండేళ్ల తర్వాత చెప్పండి" అన్నాడు. ఈ సంక్రాంతికి చూస్తే ఇంచుకు దిగింది. ఇంకా పోస్తూనే ఉంది, లేదనను. తాగడానికి మాత్రం వాళ్లూ క్యాను నీళ్లే కొంటున్నారు.

మేము బావి పూడిక తీయించాం. ట్రాక్టరుతో పద్నాలుగు ట్రిప్పులు. మా తాత కాలపు ఇత్తడి చెంబు ఒకటి దొరికింది, మా ఆవిడ చింతపండు వేసి తోమి అలమారులో పెట్టింది. నెల నెలా ఒకటో తారీఖున నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో కొలిచి పంపమన్నాడు ఆయన, ఉచితంగానే లెక్క పెట్టిస్తానని. గోడ మీద పసుపు రంగుతో గీతలు గీశాను. మేలో 38 అడుగుల కింద ఉన్నాయి. నవంబరు వాయుగుండానికి రెండు రోజులు ఆగకుండా కురిసి 17కు వచ్చాయి. మొన్న ఒకటో తారీఖున టార్చి వేసి చూశాను, 21. ఫొటో తీసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.